కుళ్లుతో నడిపిన బండి

తాండూరు నుంచి వికారాబాద్‌కు షేరింగ్ కారు నడపబట్టి నాకు పదిహేనేళ్లు దాటింది. మొదటి పది పదకొండేళ్లు ఆ రోడ్డు మీద నన్ను దాటిపోయిన కారు లేదు. తాండూరు బస్టాండు ఎదుట మా అడ్డాకు పొద్దున్నే ఎవరైనా ఉరుక్కుంటూ వచ్చి, వికారాబాద్ స్టేషన్‌లో హైదరాబాద్ రైలు అందుకోవాలంటే, తోటి డ్రైవర్లందరూ నావైపే చెయ్యి చూపించేవాళ్లు. "గా బండి ఎక్కున్రి. రైలు కంటే ముందల దించుతడు" అనేవాళ్లు. ఆ మాట చెవిన పడటం కోసమే నేను చాయ్ తాగడం కూడా ఆపుకుని అక్కడక్కడే తిరిగేవాణ్ణి.

వేగమంటే నాకు భయం లేదనుకునేవాణ్ణి. మా నాయిన గనిలో బండలు కొట్టిన మనిషి. మా ఇంట్లో ఎవరూ ఎందులోనూ మొదట వచ్చినవాళ్లు కారు. నేను పదో తరగతి రెండుసార్లు తప్పాను. స్టీరింగు చేతికి వచ్చాకే మొదటిసారి నలుగురు నన్ను చూసి "అబ్బో" అన్నారు. ఆ అబ్బో రుచి మరిగాను. ఆర్టీసీ బస్సును దాటితే ఒక అబ్బో. బండల లోడుతో పోతున్న రెండు లారీలను ఒకేసారి దాటితే ఇంకో అబ్బో. వెనక కూర్చున్నవాళ్లు ముందు సీటును గట్టిగా పట్టుకోవడం అద్దంలో కనిపించేది. అదీ నాకు మెచ్చుకోలులాగే ఉండేది.

నాలుగేళ్ల కిందట మా అడ్డాకు కొత్తాయన వచ్చాడు. ఊరు బొంరాస్‌పేట. అందరం ఆయనను ఊరి పేరుతోనే పిలిచేవాళ్లం. యాభై దాటిన బక్కపలచని మనిషి. పొలం చేసి చేసి, బోరు ఎండిపోయాక ఒక పాత తెల్ల కారు తీసుకుని లైన్లోకి వచ్చాడు. మొదటిరోజే మాకు నవ్వులాట అయ్యాడు. బండి ఎక్కేవాళ్లను ఆపి, "వికారాబాద్‌కు గంట పడ్తది. నేను జల్ది తీస్కపోను. ఇష్టమైతెనే ఎక్కున్రి" అని ముందే చెప్పేవాడు. వెనక సీటువాళ్లను కూడా బెల్టు పెట్టుకోమనేవాడు. ఇట్లయితే ఈయన బండికి ఈగలు తప్ప ఎవరూ ఎక్కరని మేము పందెం కట్టినంత పని చేశాం.

కొన్నాళ్లు మేము అన్నట్లే జరిగింది. వరసలో ఆయన నంబరు వచ్చినా జనం వెనక బండి చూసుకునేవాళ్లు. ఆయన మాత్రం బండి పక్కన నిలబడి, కత్తితో జామకాయ కోసుకుని ఉప్పుకారం అద్దుకుని తినేవాడు. ఆయనను దాటి పోయేటప్పుడల్లా నేను అవసరం లేకపోయినా పొడుగ్గా హారన్ కొట్టేవాణ్ణి. ఆయన చెయ్యెత్తి పొమ్మన్నట్లు ఊపేవాడు. ఆ చెయ్యి ఊపడం నాకు నచ్చేది కాదు. ఓడిపోయిన మనిషి అట్లా ఊపకూడదనిపించేది.

నన్ను మొదట వదిలిపోయింది టీచరమ్మ. తాండూరులో ఉంటూ ధారూరు బడిలో పాఠాలు చెప్పేది. ఆరేళ్లు నా బండిలో ముందు సీటు ఆమెదే. ఆమె రాకపోతే ఫోన్ చేసి అడిగి మరీ బండి తీసేవాణ్ణి. ఒకరోజు ఆమె నా బండి దాటుకుని పోయి, బొంరాస్‌పేట ఆయన బండిలో కూర్చుంది. నన్ను చూడలేదేమోనని నేనే దగ్గరికి పోయి, "మేడమ్, మన బండి ఇక్కడుంది" అన్నాను.

ఆమె కిందికి దిగి, అందరూ వినకుండా చెప్పింది. "ఏమనుకోకు తమ్మీ. నీ బండి దిగి బడికి పోయినంక గూడ అర్ధగంట నా చేతులు వణుకుతయి. బోర్డు మీద అక్షరం నిలుస్తలేదు. పిల్లలు అడుగుతున్నరు, ఏమైంది మేడమ్ అని."

"ఆరేండ్లల్ల ఒక్కసారన్న ఏమన్న అయ్యిందా మేడమ్?" అన్నాను.

"కాలేదు. గదే నాకు బయం" అని ఆమె మళ్లీ ఆ తెల్ల కారులోకి ఎక్కింది.

ఆ రోజంతా నా కడుపు మండుతూనే ఉంది. బయటికి మాత్రం, ఆడవాళ్లకు వేగం పడదని, పోతే పోనీ అని తోటివాళ్లతో నవ్వాను. ఆ తర్వాతి వారం బ్యాంకులో పనిచేసే ఒకాయన పోయాడు. తర్వాత చెకప్‌లకు వికారాబాద్ పోయే గర్భిణులు, గుండె ఆపరేషన్ అయిన ముసలాయన, పసిపిల్లలతో పుట్టింటికి పోయే అమ్మాయిలు, ఒక్కొక్కరుగా అటు జరిగారు. నా బండిలోకి కాలేజీ పిల్లలు, రైలు తొందర ఉన్నవాళ్లు వచ్చేవాళ్లు. వాళ్లకు నా మొహం కూడా గుర్తుండేది కాదు. ఆయన బండి ఎక్కేవాళ్లు మాత్రం ఆయనకు ఊరగాయలు తెచ్చి ఇచ్చేవాళ్లు. ఒకామె వాళ్ల చెట్టు సీతాఫలాలు సంచిలో తెచ్చి ఇవ్వడం చూశాను. ఆ పొద్దు నాకు అన్నం సహించలేదు.

ఎదురుబొదురు దాటినప్పుడు నేను ఆయన బండిలోకి చూసేవాణ్ణి. చూడకూడదనుకుంటూనే మెడ తిప్పేవాణ్ణి. ఆయన బండిలో జనం నిద్రపోతూ కనిపించేవాళ్లు. తలలు వెనక్కి వాల్చి, నోళ్లు తెరుచుకుని, ఇంట్లో మంచం మీద పడుకున్నట్లు. నా బండిలో పదకొండేళ్లలో ఒక్కరు కూడా నిద్రపోలేదు. ఆ సంగతి అప్పటిదాకా నాకు తట్టనే లేదు. తట్టాక మరిచిపోలేకపోయాను.

ఆయనకంటే నేను ఎంత ముందు పోతానో లెక్క చూసుకోవాలని ఒక పట్టుదల వచ్చింది. ఇద్దరం ఒకదాని వెనక ఒకటి బయలుదేరిన రోజుల్లో గడియారం చూసి పెట్టుకునేవాణ్ణి. వికారాబాద్ బస్టాండు దగ్గర బండి ఆపి, ఆయన ఎప్పుడు వస్తాడా అని రోడ్డుకేసి చూస్తూ నిలబడేవాణ్ణి. అరగంట తేడా ఉంటుందని నా నమ్మకం. మొదటిరోజు తొమ్మిది నిమిషాలకే తెల్ల కారు మలుపు తిరిగింది. ఆ రోజు రోడ్డు ఖాళీగా ఉందనుకున్నాను. రెండోరోజు ఎనిమిది. మూడోరోజు నేను ఇంకా గట్టిగా తొక్కాను, రెండు చోట్ల ప్రాణం మీదికి తెచ్చుకున్నంత పని చేశాను. పదకొండు నిమిషాలు. నేను అంత తొక్కి, అన్ని బండ్లను దాటి, అంతమందితో తిట్లు తిని సంపాదించేది ఒక చాయ్ తాగేటంత సేపు. ఆ లెక్క ఎవరికీ చెప్పలేదు. అడ్డాలో ఎవరైనా అడిగితే, "అర్ధగంట ముందల పోతనే" అనే చెప్పేవాణ్ణి.

ఇంత వరకైతే నా కుళ్లు నాలోనే ఉండేదేమో. కానీ ఆయన నా ఇంటి మనిషిని కూడా తీసుకుపోయాడు.

నా బిడ్డ వికారాబాద్‌లో డిగ్రీ చదువుతోంది. మొదటి ఏడాది నాతోనే వచ్చేది. రెండో ఏడాది మొదలయ్యాక, స్నేహితులతో కలిసి రైలుకు పోతానంది. సరేనన్నాను. ఒకరోజు నేను వికారాబాద్‌లో గిరాకీ కోసం ఎదురుచూస్తుంటే, తెల్ల కారు వచ్చి ఆగింది. వెనక తలుపు తీసుకుని నా బిడ్డ దిగింది. కళ్లు నలుపుకుంటూ, జుట్టు సర్దుకుంటూ దిగింది. బొంరాస్‌పేట ఆయన లోపలి నుంచి ఆమె టిఫిన్ డబ్బా అందించి, "మర్చిపోతున్నవ్ బిడ్డా" అన్నాడు.

నేను స్తంభం చాటుకు పోయాను. ఎందుకు దాక్కున్నానో ఇప్పటికీ చెప్పలేను. తప్పు చేసినట్లు నాకే అనిపించింది.

సాయంత్రం ఇంటికి పోయి చెప్పులు కూడా విప్పకుండా అడిగాను. "రైలుకు పోతున్న అన్నవ్ గదా?"

బిడ్డ వాళ్లమ్మ వైపు చూసింది. ఆ చూపుతో నా భార్యకు కూడా తెలుసని అర్థమైంది.

"నీకు ఎరికేనా?" అన్నాను ఆమెతో.

"నేనే పొమ్మన్న" అంది నా భార్య, జొన్నపిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ. "దాన్ని అనకు. అడగాలంటె నన్నడుగు."

"సొంత నాయిన బండి ఉండంగ పరాయోని బండెక్కుతదా? అడ్డాల నా ఇజ్జత్ ఏం గావాలె?"

అప్పుడు బిడ్డ మాట్లాడింది. మెల్లగా, తల ఎత్తకుండా. "నాయినా, నువ్వు ఓవర్‌టేక్ చేసినప్పుడల్ల నేను కండ్లు మూసుకుంటుంటి. కడుపుల దేవినట్లయ్యేది. కాలేజీల దిగినంక కక్కుకున్న రోజులు ఉన్నయి. నీకు చెప్తె బాధపడ్తవని చెప్పలే."

"నా మీద నమ్మకం లేదా బిడ్డా?"

"నీ మీద ఉంది. నీ బండి మీద లేదు."

ఇంకెవరైనా ఆ మాట అని ఉంటే గొడవ పడేవాణ్ణి. బిడ్డ అనేసరికి చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కోవడానికి పోయాను. కానీ నేను మారిపోయానని అనుకోవద్దు. మనిషి అంత తొందరగా మారడు. నాకు నా వేగం మీద కోపం రాలేదు, ఆయన మీద వచ్చింది. మెల్లగా నడిపి నా బిడ్డను నా దగ్గర్నుంచి గుంజుకున్నాడనిపించింది. టిఫిన్ డబ్బా అందిస్తూ ఆయన "బిడ్డా" అన్న పిలుపు నా చెవుల్లోంచి పోలేదు. దేవుడా, ఆ బండికి ఒక్కసారి ఏమన్నా కానీ, చిన్నదే కానీ, ఒక గీత పడనీ అని కోరుకున్న రోజులు ఉన్నాయి. నా బిడ్డ అందులోనే కూర్చుంటుందని కోరుకున్న తర్వాత గుర్తొచ్చేది.

ఆ తర్వాత నెలన్నరకు జరిగింది అది. వానాకాలం మొదట్లో, పొద్దున ఎనిమిదిన్నర వేళ. సన్నగా తుంపర పడుతోంది. నా బండిలో నలుగురు. ముందు సీటులో ఒక అక్క, తాండూరులో జొన్నరొట్టెలు చేసి అమ్మేది, వికారాబాద్‌లో చుట్టాలింటికి పోతోంది. వెనక రైలుకు పోయే భార్యాభర్తలు, వాళ్ల పక్కన నవాబుపేటకు పోవాల్సిన ఒక పెద్దమనిషి. ధారూరు దాటాక ముందు తెల్ల కారు కనిపించింది. దగ్గరికి పోతే, వెనక అద్దంలోంచి నా బిడ్డ జడ కనిపించింది. తల కిటికీకి ఆనించి ఉంది.

దాటడానికి తిన్నని రోడ్డు చాలానే దొరికింది. దాటలేదు. ఆమె మేలుకోవాలని, నేను దాటడం చూడాలని హారన్ కొడుతూ వెనకే పోయాను. కెరెల్లి దాటాక అనంతగిరి గుట్ట ఎక్కే రోడ్డు మొదలైంది. రెండు పక్కలా చెట్లు, ముందు మలుపు. ఆ మలుపు నాకు అరచేయి లాంటిదనుకునేవాణ్ణి. అప్పుడు నా బిడ్డ తల ఎత్తి వెనక్కి తిరిగి చూసింది. నన్ను గుర్తుపట్టింది.

నేను తొక్కాను.

తెల్ల కారు పక్కకు వచ్చేసరికి, మలుపులోంచి ఖాళీ లారీ దిగుతోంది. హైదరాబాద్‌లో బండలు దించి తిరిగి వస్తున్న లారీ. దాని ముందు అద్దం మీద వైపర్ కదలడం కూడా నాకు స్పష్టంగా కనిపించింది. బ్రేకు తొక్కితే తడి రోడ్డు మీద బండి నా మాట వినలేదు. ఎడమ పక్కన నా బిడ్డ ఉన్న కారు, ఎదురుగా లారీ. ఆ క్షణంలో బొంరాస్‌పేట ఆయన చేసిన పని వల్లనే మేమందరం బతికాం. ఆయన నన్ను ముందు నుంచే అద్దంలో చూస్తున్నాడట. నేను పక్కకు రాగానే బ్రేకు వేసి, బండిని మట్టి అంచుకు దించి, తన బండి ముందు నాకు జాగా వదిలాడు. నేను ఆ జాగాలోకి దూరాను. లారీ నా వెనక దీపాన్ని గీరుకుంటూ పోయింది. నా బండి మాత్రం ఆగలేదు. జారుకుంటూ పోయి, వాన నీళ్ల మోరీ పక్కన కట్టిన రాతి గోడకు కొట్టుకుంది.

అందరి అరుపులు ఆగాక, ఇంజిన్‌లోంచి ఆవిరి బుసకొడుతున్న చప్పుడు వినిపించింది. నా మోకాలు స్టీరింగు కింద ఇరుక్కుంది. వెనక భర్తకు నుదురు చిట్లింది, పెద్దమనిషి పెదవి పగిలింది. రొట్టెల అక్క బెల్టు పెట్టుకోలేదు. పెట్టుకోమని నేను చెప్పనూ లేదు. గుద్దుకునేటప్పుడు కుడి చెయ్యి ముందుకు చాచి ఆపుకోబోయింది. ఆ చెయ్యి మణికట్టు దగ్గర వేలాడుతోంది.

బొంరాస్‌పేట ఆయన, నా బిడ్డ ఉరికొచ్చారు. బిడ్డ నా వైపు రాలేదు. మొదట ఆ అక్క దగ్గరికి పోయి, తన చున్నీ తీసి ఆమె చెయ్యిని కదలకుండా మెడకు కట్టింది. ఆ తర్వాత నా తలుపు దగ్గరికి వచ్చి, "కాలు కదుల్తున్నదా నాయినా?" అని అడిగింది. ఏడవలేదు. తిట్టలేదు. ఆమె మొహం నాకు కొత్త మనిషి మొహంలా ఉంది.

ఆయన తన బండిలోని వాళ్లను దించి, వెనక వచ్చే బస్సును చెయ్యెత్తి ఆపి ఎక్కించాడు. నుదురు చిట్లినాయనను, ఆయన భార్యను, పెద్దమనిషిని ఇంకో కారు ఎక్కించుకుంది. రొట్టెల అక్కను, ఆమెను పట్టుకోవడానికి నా బిడ్డను వెనక కూర్చోబెట్టి, నన్ను ముందు సీట్లో ఎక్కించి, ముందుకు వంగి నా బెల్టు ఆయనే పెట్టాడు. బండి కదిలింది. దీపాలు వేసి, హారన్ కొట్టుకుంటూ పోతున్నాడు గానీ, స్పీడు ముల్లు మాత్రం అరవై దగ్గరే ఉంది.

వెనక అక్క మూలుగుతోంది. నేను ఆగలేక, "జర జల్ది పోనీ అన్నా!" అని అరిచాను.

"మలుపుల్ల ఉరికిస్తె ఆమె చెయ్యి ఊగుతది" అన్నాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "పోతున్నం. నువ్వు ఊకో."

చెబితే నమ్మరేమో, మోకాలు పగిలిపోతున్న నొప్పిలో కూడా నాకు కుళ్లే వచ్చింది. ప్రతి మలుపుకు ముందే కాలు తీస్తున్నాడు. మలుపులో బండి ఒరగడం లేదు. వెనక అక్క మూలుగు ఎక్కువ కావడం లేదు. పదిహేనేళ్లు డ్రైవర్‌నని చెప్పుకున్నా నాకు ఇట్లా నడపడం చేతకాదని ఆ పదిహేను నిమిషాలలో తెలిసింది. అది తెలియజేసిన మనిషి పక్కనే కూర్చుని ఉన్నాడు, నన్ను ఒక్క మాట అనకుండా. అంటే బాగుండేదనిపించింది.

కేసు అయింది. తప్పు నాదేనని నేనే చెప్పాను. కొన్ని నెలలు నా లైసెన్సు ఆపేశారు. మోకాలికి ఆపరేషన్ చేసి, మూడు నెలలు మంచం మీదే ఉండమన్నారు. మంచం మీద ఉన్నన్నాళ్లు నా బిడ్డ అదే తెల్ల కారులో కాలేజీకి పోయింది. అడిగే మొహం నాకు లేదు.

కర్ర సాయంతో నడవడం వచ్చాక, మొదట రొట్టెల అక్క ఇంటికి పోయాను. చెయ్యికి కట్టు తీసేశారు గానీ వేళ్లు పూర్తిగా ముడుచుకోవడం లేదు. పొయ్యి దగ్గర ఆమె కోడలు రొట్టె తడుతోంది. అది గుండ్రంగా రావడం లేదు, అంచులు చిరిగిపోతున్నాయి. అక్క పక్కన కూర్చుని ఎడమ చేత్తో చూపిస్తోంది. ఆమె పుట్టిల్లు సరిహద్దు అవతల, కన్నడం కలిపి మాట్లాడుతుంది.

"ఏనప్పా, కాలు బాగయ్యిందా?" అని ముందు నన్నే అడిగింది.

"బాగైందక్కా. నీ చెయ్యికి నేనే..." అని ఆమె వేళ్ల వైపు చూశాను.

ఆమె నన్ను కూర్చోమంది. నీళ్లు ఇప్పించింది. తర్వాత అడిగింది. "ఒక్కటి చెప్పు. నాకు రైలు లేకుండె. పెండ్లి లేకుండె. ఊకెనే చుట్టాలింటికి పోతుంటి. జల్ది పో అని నేను నీకు చెప్పిన్నా?"

"లేదక్కా."

"ఎన్కల ఉన్నోళ్లు చెప్పిండ్రా?"

"వాళ్లు గూడ చెప్పలే. రైలుకు ఇంక మస్తు టైం ఉండె."

"మరి ఎవరి కోసం తొక్కినవ్?"

నా బిడ్డ చూడాలని తొక్కానని, ఇంకొక మనిషి మీద ఓర్వలేక తొక్కానని ఆ పొయ్యి ముందు ఎట్లా చెప్పను? ఆమె కోడలి వైపు తిరిగి, "పిండి ఇంక జర పిసకాలె" అంది. ఇప్పటికీ ఆ చెయ్యి కొంత వంకరగానే ఉంది. రొట్టెలు కోడలే చేస్తుంది. అక్క తూకం చూసుకుంటుంది. నేను అటువైపు పోయినప్పుడు మాట్లాడుతుంది, కానీ నా బండి మళ్లీ ఎక్కలేదు.

లైసెన్సు తిరిగి రావడానికి వారం ముందు నేను అడ్డాకు పోయి బొంరాస్‌పేట ఆయన దగ్గర నిలబడ్డాను. ఆ మాట అడగడానికి నాకు రెండు రోజులు పట్టింది.

"అన్నా, వారం రోజులు నీ పక్క సీట్ల కూసుంటనే. నువ్వెట్ల నడుపుతవో చూస్త."

"చూసుటానికి ఏముంది తమ్మీ? నేను చాలా బయపడ్త. గంతే" అన్నాడు.

"బయమా?"

"అరవై దాటితె నా గుండె దడదడ కొట్టుకుంటది. పొలంల బతికినోణ్ణి. ఎడ్లబండి తోలిన చేతులు ఇవి. నీ లెక్క నడపాలంటె నాకు రాదు."

నేను ఇన్నాళ్లూ ఒక పిరికివాడి మీద కుళ్లుకున్నానన్నమాట. మొదట నవ్వొచ్చింది. తర్వాత ఇంకా మండింది. తన భయాన్ని ఆయన ఎంత సులువుగా చెప్పాడు! నాకు అది పదిహేనేళ్లలో ఒక్కసారీ నోట రాలేదు.

వారం రోజులు ఆయన పక్కన కూర్చున్నాను. మొదటి రెండు రోజులు ఆయన తప్పులే వెతికాను. ఒకచోట స్పీడ్ బ్రేకర్ చూసుకోక ఎగరేస్తే లోపల్లోపల ఎంత సంతోషపడ్డానో. మూడోరోజు నుంచి నిజంగా చూడటం మొదలుపెట్టాను. బయలుదేరక ముందే ఫోన్‌ను డ్యాష్‌బోర్డు డబ్బాలో వేసి మూసేస్తాడు. ముందు బండి ఒక కిలోమీటరు రాయిని దాటగానే పెదవులు కదిలిస్తాడు. ఏం చదువుతున్నావని అడిగితే, "ఒకటి, రెండు, మూడు అనుకుంట. మూడు కాకముందే నేను ఆ రాయి కాడికొస్తె, దగ్గరికి పోయినట్టు. కాలు తీస్త. వానల ఐతె ఆరు దాక లెక్కబెడ్త" అన్నాడు. మలుపులో బ్రేకు వేయడు, మలుపు రాకముందే తగ్గిస్తాడు. ఊళ్లు వస్తే, బడి వస్తే, ఎవరూ కనిపించకపోయినా తగ్గిస్తాడు.

"ఎవరన్న రైలు అందుకోవాలంటే?" అని అడిగాను.

"అందకపోతె ఎన్కల ఇంకోటి ఉంది అని చెప్త. ఆగలేనంటె ఇంకో బండి చూపిస్త. మాటిస్తె మాట కోసం తొక్కాలె. అందుకే మాటియ్య."

"ఎవడన్న హారన్ కొట్టి దాటిపోతే కోపం రాదా?"

ఆయన నా వైపు చూసి నవ్వాడు. ఆ హారన్ ఎవరు కొట్టేవాడో ఇద్దరికీ తెలుసు. "వస్తది. రాకేం జేస్తది? వచ్చినప్పుడు వాన్ని చూడ. నా ముల్లు చూస్కుంట. కోపమొస్తె కాలు దానంతట అదే బరువైతది తమ్మీ. మనకు తెల్వకుంటనే. మరీ ఎక్కువైతె పక్కకు ఆపి నీళ్లు తాగుత."

కాలు బరువవుతుందన్న మాట నాకు బాగా తగిలింది. పదిహేనేళ్లు నేను నడిపింది చేతులతో కాదు, ఆ బరువైన కాలుతోనే.

ఇప్పుడు మళ్లీ బండి నడుపుతున్నాను. పాతది పోయింది, ఇంకో పాతది తీసుకున్నాను. వికారాబాద్‌కు గంట పడుతుందని ముందే చెబుతాను. మొదట్లో ఆ మాట చెప్పేటప్పుడు నాలుక మొద్దుబారేది. వెనకవాళ్లను బెల్టు పెట్టుకోమంటే కొందరు విసుక్కుంటారు, అయినా పెట్టుకున్నాకే తీస్తాను. అడ్డాకు ఇప్పుడు ఒక కొత్త కుర్రాడు వచ్చాడు. హారన్ పొడుగ్గా కొట్టి నన్ను దాటిపోతాడు. కాలేజీ పిల్లలు వాడి బండి కోసం ఉరుకుతారు. రైలు తొందర ఉన్నవాళ్లకు తోటివాళ్లు ఇప్పుడు వాడినే చూపిస్తారు. వాడి మీద కూడా నాకు కుళ్లే. రెండుసార్లు పక్కకు పిలిచి నా మోకాలు చూపించి చెప్పాను. విన్నట్లే తలూపి, అదే వేగంతో పోయాడు. చెప్పడం మానలేదు నేను.

బిడ్డ డిగ్రీ చివరి ఏడాదికి వచ్చింది. కొన్ని రోజులు నా బండిలో వస్తుంది, కొన్ని రోజులు ఆయన బండిలో. ఎందుకని అడగను. అడగకుండా ఉండటానికి చాలా కష్టపడతాను.

పోయిన వారం ఒక కొత్తామె ఎక్కింది. వికారాబాద్ కలెక్టరేట్‌లో పనట. కొంత దూరం పోయాక ఎవరికో ఫోన్ చేసి, "గా బొంరాస్‌పేటాయన బండి దొరకలేదు. ఏదో బండి దొరికితె ఎక్కిన. ఇదీ మెల్లగనే పోతున్నది, ఫికర్ చెయ్యకు" అని చెప్పింది.

ఏదో బండి. నేను ఆమె ముందే కూర్చుని ఉన్నాను. చెవులు వేడెక్కాయి. కొంచెం సేపటికి ఎందుకో ముల్లు వైపు చూస్తే డెబ్బై ఐదు దాటి ఎక్కుతోంది. నేను తొక్కానని నాకు తెలియనే తెలియదు. కాలు తీశాను. డెబ్బై, అరవై ఐదు, అరవై. కంది చేల పక్కన జాగా చూసి బండి ఆపాను.

"ఏమైంది?" అందామె.

"ఏం లేదమ్మా. జర నీళ్లు తాగి వస్త" అన్నాను. దిగి, రెండు నిమిషాలు చేను గట్టున నిలబడ్డాను. ఆ రెండు నిమిషాల్లో మూడు బండ్లు నన్ను దాటిపోయాయి. మూడింటినీ లెక్కపెట్టాను, ఒక్కటి కూడా నచ్చలేదు. తర్వాత ఎక్కి, బెల్టు పెట్టుకుని, బండి తీశాను.